బెత్తెడు తేడా

1984 వేసవి. గుత్తి తాలూకాలో ఒక గుట్టవార చేను. అన్నదమ్ములిద్దరూ గట్టుకు చెరో పక్క నిలబడి ఉన్నారు. నేను సర్వేయరు ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది. తండ్రి పంచి ఇచ్చిన భూమిలో అన్నకు కింద చదును నేల, తమ్ముడికి గుట్టవాలు వచ్చాయి. ఎఫ్‌ఎంబీలో, అంటే మా సర్వే కొలతల పుస్తకంలో, రెండు చెక్కల పొడవూ ఒకటే, 193 మీటర్లు. అన్న సొంతంగా తాడు వేసి కొలుచుకున్నాడు. తనది 193 వచ్చింది, తమ్ముడిది 200. "కాయితంలో సమానమంటిరి. నేల మీద ఏడు మీటర్లు వానికెట్ల ఎక్కువొచ్చె సార్?" అని నిలదీశాడు.

ఇరవై మీటర్ల గొలుసును వాలు వెంబడి పరిపించాను. సరిగ్గా పది గొలుసులు. తమ్ముడు హద్దు జరిపాడని రాయబోతుంటే, గొలుసు పట్టుకున్న ముసలాయన నా చేయి పట్టి ఆపాడు. నేను పుట్టకముందు నుంచీ ఆ పనిలో ఉన్న మనిషి. "నేల మీద పరస్తే ఎట్ల సార్? గొలుసు నీళ్ళమట్టంగా పట్టాల" అన్నాడు. మళ్ళీ గుట్ట పైనుంచి మొదలుపెట్టాం. గొలుసులో కొంత భాగం తీసుకుని, ఒక కొస నేలకు ఆనించి, రెండో కొస మట్టంగా గాలిలో ఎత్తి పట్టి, అక్కడి నుంచి తూకం గుండు వదిలి, గుండు తాకిన చోట మేకు కొట్టుకుంటూ మెట్లు మెట్లుగా దిగాం. కింది గట్టు చేరేసరికి లెక్క 193 మీటర్లు. నేల వాలు పదిహేను డిగ్రీలుంటే ఇరవై మీటర్ల గొలుసుకు 68 సెంటీమీటర్ల తేడా వస్తుంది. పది గొలుసులకు అది ఏడు మీటర్లకు దగ్గర పడుతుంది.

అన్నకు నమ్మకం కుదరలేదు. "అయితే ఆ ఏడు మీటర్లు యాడికి పోయినట్టు సార్?" అన్నాడు. నేను గుట్ట శిఖరం వైపు చేయి చూపించాను.

కాగితానికి పొడవు, వెడల్పు అని రెండే దిక్కులు. నేలకు ఎత్తు అనే మూడోది కూడా ఉంది. కాగితంలో లేని దిక్కు గొలుసులో మిగులుగా బయటపడింది. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదాని సారం ఇదే. కొలతలో మిగులు వచ్చిందంటే, దాన్ని మనిషి దొంగతనమని తీర్మానించే ముందు, మన కాగితంలో ఏ దిక్కు లేదో చూడాలి.

ఇప్పుడు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. పొద్దున్నే ఇన్నర్ సర్కిల్ చుట్టూ నడుస్తాను. సర్వేయరు కంటికి ఈ చోటు మొదటి చూపులోనే పట్టుబడుతుంది. చుట్టుపక్కల రోడ్లన్నీ ఎడ్లబండి బాటల మీద పుట్టి వంకరలు పోతే, ఇది మాత్రం ఎవరో కాగితం మీద వృత్తలేఖినితో గీసి నేల మీద దించినట్టు గుండ్రంగా ఉంటుంది. నిజానికి జరిగింది అదే. మైసూరు, కొడగు ప్రాంతాల యూరేషియన్, ఆంగ్లో ఇండియన్ సంఘానికి 1882లో మైసూరు మహారాజు పదో చామరాజ ఒడెయరు ఇక్కడ 3,900 ఎకరాలు ఇచ్చాడు. సంఘాన్ని నడిపించిన డి.ఎస్. వైట్ పేరే ఊరికి పెట్టారు. సేద్యం చేసుకుని తమ కాళ్ళ మీద తాము బతకాలని వచ్చిన కుటుంబాల కోసం గీసిన ఊరు ఇది. 1990లలో ఐటీ పార్కు వచ్చింది. 2023 మార్చిలో మెట్రో వచ్చింది. గుండ్రటి రోడ్డు మాత్రం గుండ్రంగానే ఉండిపోయింది.

మా అమ్మాయి ఫ్లాటు పద్నాలుగో అంతస్తులో ఉంది. రిజిస్ట్రేషన్ కాగితాలు నా చేతికి వచ్చిన రోజు చాలాసేపు చదివాను. కింద సర్వే నంబరు, దానికి నాలుగు హద్దులు, ఆ నేలలో మా అమ్మాయికి కొన్ని చదరపు అడుగుల అవిభాజ్య వాటా. సర్వే స్కెచ్‌లో మా ఇల్లు ఎక్కడని వెతికితే దొరకదు. పై ఇంటివాళ్ళూ, కింది ఇంటివాళ్ళూ, మేమూ అందరం అక్కడ ఒకే చోట ఉన్నాం. ఇన్ని సంసారాలు ఒకదాని మీద ఒకటి నిలబడిన దిక్కును ఆ స్కెచ్ ఒక్క చుక్కలోకి ముడిచేసింది. ఈ చుక్కను మళ్ళీ తలుచుకుంటాను.

రిటైరయ్యాక భౌతికశాస్త్రం పుస్తకాలు చదవడం అలవాటైంది. పొడవు, వెడల్పు, ఎత్తు, కాలం అనే నాలుగు మితులకు మించి విశ్వానికి ఇంకా ఉన్నాయా అన్న ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. పెద్దపెద్ద సమీకరణాల వెనక నాకు వినిపించింది ఆ గుట్టవార తగువే. కాగితంలో లేని దిక్కు ఉందో లేదో ఎలా తేలుస్తాం? కొలిచి, మిగులు చూసి. ఆ కొలత కథలో ఒక ముఖ్యమైన ఘట్టం నేనిప్పుడు ఉంటున్న బెంగళూరు దగ్గరే జరిగింది.

వైట్‌ఫీల్డ్ అనే పేరు పుట్టడానికి ఎనభై రెండేళ్ళ ముందు మాట. 1799 శ్రీరంగపట్నం యుద్ధంలో పాల్గొన్న విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి, దక్షిణ భారతాన్ని త్రిభుజాలతో కొలుస్తానని కంపెనీ ప్రభుత్వాన్ని ఒప్పించాడు. త్రిభుజంలో ఒక్క భుజం పొడవు, కోణాలు తెలిస్తే మిగతా భుజాలు లెక్కతో వస్తాయి. ఆ భుజం మీద మరో త్రిభుజం, దాని మీద ఇంకొకటి. అయితే మొట్టమొదటి భుజాన్ని మాత్రం నేల మీద చేత్తో కొలవక తప్పదు. దాన్నే ఆధార రేఖ అంటారు. మా ఎఫ్‌ఎంబీలో కొలతలకు ఆధారమైన జి-లైన్‌కు ఇది తాత.

లాంబ్టన్ తన ఆధార రేఖను బెంగళూరు దగ్గర 1800 అక్టోబరు 14న మొదలుపెట్టి డిసెంబరు 10కి ముగించాడు. పొడవు 7.43 మైళ్ళు, అంటే దాదాపు పన్నెండు కిలోమీటర్లు. రెండు నెలల్లో పన్నెండు కిలోమీటర్లే అని ఎవరికైనా అనిపించవచ్చు. గొలుసు లాగినవాడికి ఆ నెమ్మది విలువ తెలుస్తుంది. వంద అడుగుల ఉక్కు గొలుసు ఆయనది, నలభై కడ్డీలు కలిపి చేసినది. దాన్ని నేలకు తగలకుండా మట్టంగా నిలిపిన చెక్క దోనెల్లో పరిచేవాళ్ళు. పక్కన థర్మామీటర్లు ఉంచి, ఎండకు ఉక్కు ఎంత సాగిందో లెక్కగట్టి తీసేసేవాళ్ళు. అలా దాదాపు 390 సార్లు. మా ముసలాయన చెప్పిన నీళ్ళమట్టం మాటే అది, రాజవైభవంతో.

1802లో ఇంగ్లండు నుంచి, కోణాలు కొలిచే అర టన్ను బరువున్న థియోడొలైట్ వచ్చింది. అదే ఏడాది మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర గొలుసుతో కొత్త ఆధార రేఖ కొలిచి, అక్కడి నుంచి ఆ థియోడొలైట్‌తో కొండ కొండకూ త్రిభుజాలు అల్లుకుంటూ పడమటికి వచ్చారు. ఆ త్రిభుజాలు మంగుళూరు తీరం చేరేసరికి, పటాల్లో 400 మైళ్ళుగా ఉన్న ద్వీపకల్పం వెడల్పు 360 మైళ్ళేనని తేలింది.

నా మనసు తట్టింది మాత్రం దారి మధ్యలో జరిగిన ఒక పని. మద్రాసు నుంచి లెక్కలతో వచ్చిన పొడవు సరైనదో కాదో తేల్చుకోవడానికి, 1804లో లాంబ్టన్ సహాయకుడు జాన్ వారెన్ బెంగళూరు దగ్గర మరోసారి గొలుసు పరిచి ఏడు మైళ్ళ చిల్లర రేఖను నేల మీద కొలిచాడు. మద్రాసు నుంచి త్రిభుజాల మీదుగా నడిచి వచ్చిన అంకెకూ, నేల మీద గొలుసు చెప్పిన అంకెకూ తేడా 3.7 అంగుళాలు. మా వైపు నాలుగు వేళ్ళ వెడల్పును బెత్తెడు అంటాం. అంత రాజ్యం దాటి వచ్చిన లెక్క, బెత్తెడుకు కాస్త ఎక్కువగా తప్పింది, అంతే. ఈ అంకె మొదటిసారి చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఒక తాలూకాలో గొలుసు సర్దలేక చెమటలు పట్టినవాణ్ణి నేను.

బెత్తెడు తేడాలో లెక్క కుదరడానికి ఒక సవరణ తప్పనిసరి. బళ్ళో త్రిభుజం మూడు కోణాలూ కలిపితే 180 డిగ్రీలని చదువుకున్నాం. నేల మీద పెద్ద త్రిభుజం గీస్తే అంతకంటే కాస్త ఎక్కువ వస్తుంది, ఎందుకంటే భూమి గుండ్రం. త్రిభుజం వైశాల్యం సుమారు 197 చదరపు కిలోమీటర్లయితే ఒక సెకను మిగులు. ఒక సెకను అంటే డిగ్రీలో 3,600వ భాగం. మూడు వైపులా యాభై కిలోమీటర్లుండే త్రిభుజానికి అయిదున్నర సెకన్లు మిగులుతాయి. లాంబ్టన్ మనుషులు ఆకాశంలోకి ఎగిరి భూమిని చూడలేదు. ఈ నేల మీద నిలబడే, భూమి వంపు వల్ల కోణాల్లో మిగిలే సెకన్లను లెక్కగట్టి సవరించుకున్నారు. గుట్ట మీది ఏడు మీటర్లకు ఇవి పెద్దన్నలు.

నేను ఉద్యోగం చేసిన గుత్తి దగ్గరే 1811లో లాంబ్టన్ మరో ఆధార రేఖ కొలిచాడు. అదే నేల మీద ముప్పై ఏళ్ళు తిరిగాను. సర్వీసులో ఉండగా ఆ మాట నాతో అన్నవాళ్ళు లేరు. ఇప్పుడు సర్వే పని నేర్చుకుంటున్న పిల్లలకైనా ఈ సంగతి చెప్పి పంపాలని నా కోరిక.

ఆ రోజుల్లోనే జర్మనీలో ఇంకొక సర్వేయరు ఉన్నాడు. ఆయన పేరు గౌస్. ప్రపంచం గణితవేత్తగా ఎరిగిన ఆయన 1820లలో హానోవర్ రాజ్యాన్ని త్రిభుజాలతో కొలిచాడు. ఒక ఉపరితలం వంపును దాని లోపలి కొలతలతోనే, బయటికి వెళ్ళి చూడకుండా తేల్చవచ్చని 1827లో నిరూపించాడు. ఆయన శిష్యుడు రీమాన్ 1854 జూన్‌లో గోటింగెన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో అదే పద్ధతిని ఎన్ని మితులకైనా విస్తరించాడు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. లోపలి కొలతలో వంపు కనపడితే, వంగడానికి బయట మరో దిక్కు ఉండి తీరాలని అర్థం కాదు. బయట ఏమీ లేకుండానే స్థలం వంగి ఉండవచ్చు. 1915లో ఐన్‌స్టయిన్ గురుత్వాకర్షణను స్థలకాలాల వంపుగా చెప్పినప్పుడు ఆయనకు అయిదో దిక్కు అవసరం పడలేదు.

అవసరం మరో చోట నుంచి వచ్చింది. 1919లో థియొడోర్ కలుజా అనే అధ్యాపకుడు ఐన్‌స్టయిన్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఐన్‌స్టయిన్ సమీకరణాలను నాలుగు మితుల్లో కాకుండా అయిదింటిలో రాస్తే, గురుత్వంతోపాటు విద్యుదయస్కాంత సమీకరణాలు కూడా వాటంతటవే బయటికి వస్తున్నాయి. రెండు వేర్వేరు బలాలు ఒకే కాగితం మీద కలిశాయి. ఆ వ్యాసం 1921లో అచ్చయింది. మరి ఆ అయిదో దిక్కు మనకెందుకు కనపడదు? 1926లో ఆస్కర్ క్లయిన్ దానికి జవాబు చెప్పాడు. ఆ దిక్కు తనలోకి తాను చుట్టుకుని ఉంది. చుట్టు ఎంత చిన్నదంటే, ఒక మీటరును పదో వంతు, అందులో పదో వంతు అంటూ ముప్పై రెండుసార్లు ముక్కలు చేస్తే వచ్చేటంత.

మా ఫ్లాటు కాగితాల్లోని చుక్కను తలుచుకుంటానన్నది ఇందుకే. సర్వే స్కెచ్‌లో ఒక్క చుక్కగా కనపడే చోట పద్నాలుగు అంతస్తులకు పైగా ఇళ్ళున్నాయి. స్కెచ్‌కు ఎత్తు తెలియదు కాబట్టి అవన్నీ చుక్కలో ముడుచుకున్నాయి. స్థలంలో ప్రతి బిందువు దగ్గరా అలాంటి ముడుచుకున్న దిక్కు ఒకటి ఉండవచ్చునంటాడు క్లయిన్. పోలిక ఒక చోట తెగుతుంది. మా అంతస్తుల్లో లిఫ్టు ఎక్కి తిరగవచ్చు, ఆయన చెప్పిన చుట్టులోకి మనకు దారి లేదు. తరవాత వచ్చిన స్ట్రింగ్ సిద్ధాంతానికి మొత్తం పది మితులు కావలసి వచ్చాయి. 1995లో ఎడ్వర్డ్ విట్టెన్ ఆ సిద్ధాంతపు రకరకాల రూపాలను కలిపే ప్రయత్నంలో పదకొండు అన్నాడు. ఇవన్నీ కాగితం మీది దిక్కులు. సర్వేయరుగా నా ప్రశ్న ఒక్కటే. నేల మీద మిగులు ఏది?

1998లో ఆర్కాని-హమీద్, డిమోపౌలస్, ద్వాలి అనే ముగ్గురు మిగులు ఎక్కడ వెతకాలో చెప్పారు. అనంతపురం జిల్లాలో కాలువ కింద సేద్యం చేసే రైతుకు ఆ ఆలోచన తేలిగ్గా అర్థమవుతుంది. ఎగువన వదిలిన నీళ్ళు చివరి మడికి ఎంత చేరాయో కొలిస్తే, కంటికి కనపడకపోయినా మధ్యలో గండి ఉందో లేదో తెలిసిపోతుంది. గురుత్వాకర్షణ మూడు దిక్కుల్లో పరుచుకుంటుంది కాబట్టి దూరం రెట్టింపయితే బలం నాలుగో వంతవుతుంది. ఇంకో దిక్కులోకి కూడా పారే వీలుంటే ఎనిమిదో వంతు, అలాంటి దిక్కులు రెండుంటే పదహారో వంతు అవుతుంది. అలాంటి రెండు దిక్కులు మిల్లీమీటరు దాకా చుట్టుకుని ఉన్నా అప్పటి కొలతల కంట పడి ఉండవని ఆ ముగ్గురి లెక్క. రెండు వస్తువులను మిల్లీమీటరు కంటే దగ్గరగా తెచ్చి, వాటి మధ్య ఆకర్షణను కొలిస్తే సంగతి బయటపడుతుంది. ఇంత సూటిగా నేల మీదికి దిగిన ప్రశ్న భౌతికశాస్త్రంలో అరుదు.

ఆ కొలతకు వాడే పరికరం పేరు టార్షన్ బ్యాలెన్స్, మెలి త్రాసు. సన్నని తీగకు బరువు వేలాడదీస్తారు. పక్కనున్న వస్తువు లాగితే బరువు ఏ కాస్త తిరిగినా తీగ మెలి పడుతుంది. ఆ మెలిని కాంతి కిరణంతో చదువుతారు. గుత్తి నుంచి బెంగళూరుకు రైల్లో వస్తే హిందూపురం దాటాక గౌరీబిదనూరు వస్తుంది. చుట్టూ తెలుగు వినపడే కన్నడ ఊరు. ఆ స్టేషన్ మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. అక్కడ నేల కింద, గాలి కదలికలూ అలజడీ తగలని గోతిలో, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఇలాంటి త్రాసును నడిపారు. 1986లో ఫిష్‌బాక్ బృందం పాత కొలతలు తిరగేసి, మనకు తెలిసిన నాలుగు బలాలకు తోడు అయిదో బలం ఉందేమోనన్నది. రమానాథ్ కౌసిక్, కృష్ణన్, టండన్, ఉన్నికృష్ణన్ బృందం 1988లో ఇచ్చిన ఫలితం, అలాంటి బలం ఏదైనా ఉంటే అది ఎంతకు మించి ఉండకూడదో గీత గీసింది. వాళ్ళు వెతికింది అయిదో బలాన్ని. అయినా కొత్త మితుల ప్రశ్నకు ఇదే త్రాసు, ఇదే ఓర్పు కావాలి.

మన తెలుగు పిల్లలు బోలెడంతమంది ఉద్యోగాలు చేసుకుంటున్న సియాటిల్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం బృందం ఏళ్ళ తరబడి ఈ త్రాసుకు మెరుగులు దిద్దింది. 2020లో వాళ్ళు 52 మైక్రోమీటర్ల దూరం దాకా కొలిచారు. మనిషి వెంట్రుక మందం సాధారణంగా అంతకంటే ఎక్కువే. అంత దగ్గర్లోనూ న్యూటన్ చెప్పిన ఆ నాలుగో వంతు నియమం చెక్కుచెదరలేదు. జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల సొరంగంలో ప్రోటాన్లను ఢీకొట్టించి, ఆ పేలుళ్ళ శక్తిలో కొంత మరో దిక్కులోకి జారిపోతోందా అని లెక్క చూస్తున్నారు. ఇప్పటిదాకా జారినట్టు ఆధారం దొరకలేదు.

అన్నిటికంటే నాకు ఆత్మీయంగా అనిపించేది 2017 ఆగస్టు 17 నాటి కొలత. సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నాయి. స్థలాన్నే కదిలించిన గురుత్వ అలలు భూమికి చేరాయి, ఆ పేలుడు వెలుగూ చేరింది. అలల బలాన్ని బట్టి దూరం ఒక లెక్క, వెలుగు చూపిన గెలాక్సీ దూరం ఇంకో లెక్క. గురుత్వం దారిలో వేరే దిక్కులోకి కారిపోయి ఉంటే అలలు బలహీనపడి, వాటి లెక్కలో దూరం ఎక్కువగా తేలాలి. రెండు లెక్కలూ కొలత పొరపాటు హద్దులో ఒకటయ్యాయి. 1804లో వారెన్ బెంగళూరు దగ్గర చేసిన పని ఇదే. ఒకే దూరాన్ని రెండు వేర్వేరు దారుల్లో కొలిచి, పక్కపక్కన పెట్టి చూడటం.

ఇన్నర్ సర్కిల్ చుట్టూ నడిచేటప్పుడు ఈ వరస అంతా నా మనసులో తిరుగుతుంది. దోనెలో మట్టంగా పరిచిన ఉక్కు గొలుసు, గౌరీబిదనూరు గోతిలో మెలి తిరిగే తీగ, 13 కోట్ల ఏళ్ళు నడిచి వచ్చిన అల. అన్నీ ఒకే వృత్తికి చెందినవి. విశ్వానికి మరో దిక్కు ఉందని తెలిస్తే నాకు చాలా సంతోషం. లేదని తేలినా ఆ కొలిచిన చేతుల మీద నాకు అంతే గౌరవం. ఇప్పటికి రిపోర్టు రాయమంటే, సర్వీసంతా ఎన్ని వందలసార్లు రాశానో ఆ మాటే రాస్తాను. కొలిచినంత మేరకు తేడా లేదు.

మా ముసలాయన గొలుసు నీళ్ళమట్టంగా పట్టించకపోతే 1984లో ఒక అమాయకుడి మీద హద్దు జరిపిన నేరం పడేది. అదే ఓర్పుతో ఎక్కడో ఒక గోతిలో త్రాసు ఈ రోజు కూడా కొలుస్తూనే ఉంది. ఏదో ఒక రోజు, ఎన్ని సవరణలు చేసినా పోని మిగులు, జుట్టు మందంలో వెయ్యో వంతైనా సరే, ఆ తీగ మెలిలో తేలుతుందేమో. అప్పుడు గుట్టవార నిలబడ్డ ఆ అన్న అడిగిన ప్రశ్నే ప్రపంచమంతా అడుగుతుంది. ఆ మిగులు యాడికి పోయినట్టు సార్? చేయి చూపించడానికి నాకు ఆ రోజు గుట్ట ఉంది. వాళ్ళు ఏ వైపు చేయి చూపిస్తారో చూసిపోవాలని నా కోరిక.